తువ్వాల కింద ఇరవై తొమ్మిది

ముందు పోయినవి చెబుతాను. బండి ఎడమ అద్దం, రెండుసార్లు. నందిపేట్ దారిలో ఒక నాటుకోడి. మా గల్లీ చివరి ఇంటి గేటుకు కింది రేకు. తొంభై ఆరు వెలుగుచుక్కల్లో ముప్పై ఒకటి. లైసెన్సు. బండి. అన్నం వేళకు నా భార్య నన్ను పిలిచే పిలుపు. మా బామ్మర్ది ఎడమ కాలి వేళ్లు, చిటికెన వేలి నుంచి లెక్కపెడితే మూడు.

వీటిలో తిరిగి వచ్చింది అద్దం ఒక్కటే. దాన్ని కొత్తది కొని బిగించుకోవచ్చు.

మాది ఆర్మూర్. నేను నాలుగు చక్రాల ట్రాలీ ఆటో నడిపేవాణ్ని. నందిపేట్, మోర్తాడ్ వైపు ఊళ్ల నుంచి పసుపు బస్తాలు తెచ్చి మార్కెట్ యార్డులో దింపేవాణ్ని. పసుపు లేని నెలల్లో మక్కలు, ఎరువు సంచులు, పెళ్లివాళ్ల వంటపాత్రలు. బండిలో సగం నాది, సగం నా భార్య తమ్ముడిది. అతనికి నడపడం రాదు. పశువుల అంగడిలో బేరాలు కుదిర్చే మనిషి, నోరున్నవాడు కాబట్టి కిరాయిలు అతను తెచ్చేవాడు, నేను తోలేవాణ్ని. ఐదో తరగతితో బడి మానేసినా కాంటాల పక్కన నిలబడి లెక్కలు నేర్చుకున్నాను. బండి మీద ఎన్ని బస్తాలున్నాయో, ఎంత బరువో దించకముందే చెప్పేవాణ్ని. ఈ సంగతి గొప్పకు చెప్పడం లేదు. నా కళ్లు బాగానే ఉన్నాయనడానికి అందరూ చూపించిన మొదటి సాక్ష్యం అదే.

మొదటి అద్దం పోయినప్పుడు నవ్వారు. కోడి చచ్చినప్పుడు కోడిగలావిడ తిట్టింది. గేటు రేకు ఊడినప్పుడు నేనే నిజామాబాద్ వెళ్లి కళ్లు చూపించుకున్నాను. డాక్టరమ్మ చుక్కల మందు వేసి, లైటు పెట్టి చూసి, గ్లాకోమా అంది. కంట్లో ఒత్తిడి పెరిగి వెనక నరం ఎండిపోతూ వస్తుందట. రెండు కళ్లలోనూ ఉంది, ఎడమవైపు చూపు ఎక్కువ పోయింది. పోయింది రాదు, ఉన్నదాన్ని కాపాడుకోవాలి అని రోజూ వేసుకోవడానికి మందు రాసింది.

చూపు పోయినచోట నల్లగా ఉంటుందని చాలామంది అనుకుంటారు. నల్లగా ఉంటే మేలు, ఉందని తెలుస్తుంది. అక్కడ ఏమీ ఉండదు. రోడ్డు ఉన్నట్టే ఉంటుంది, ఖాళీగా, శుభ్రంగా. ఆ ఖాళీలోంచి ఒక మేక హఠాత్తుగా బంపరు ముందు పుడుతుంది. ఎక్కడి నుంచి వచ్చిందో చెప్పలేం. ఎదురుగా ఉన్నది మాత్రం అక్షరం అక్షరం కనిపిస్తుంది. కాంటా చీటీ మీది చిన్న అంకెలు కూడా చదవగలను.

ఇదే నా కొంప ముంచింది. ఇంట్లో చెప్పినప్పుడు బామ్మర్ది లేచి పేపర్ తెచ్చి, చివరి పేజీలో అన్నిటికంటే చిన్న అక్షరాల మీద వేలు పెట్టాడు.

"సదువు బావా."

చదివాను.

"చూసినవా అక్కా? గుడ్డోడు పేపర్ సదువుతున్నడు. గీయనకు కండ్ల రోగం లేదు, ఒళ్లు వంగని రోగం."

నా భార్య ఒళ్లో చాట పెట్టుకుని బీడీలు చుడుతోంది. తల ఎత్తకుండానే అంది: "నేను పొద్దుందాక వంగి చుడ్తున్న. నాకు మెడ పోయింది, నడుం పోయింది. నేనేమన్న డాక్టర్ దగ్గరికి పోయిన్నా?"

తర్వాత లైసెన్సు రెన్యువల్ వచ్చింది. దానికి డాక్టరు సర్టిఫికెట్ కావాలి. కిరాయి బండి నడిపే మనిషివి, పక్కచూపు ఎంత ఉందో చూడకుండా సంతకం పెట్టనని డాక్టరమ్మ చెప్పింది. ఫోనుకు ఒక లింకు పంపింది.

"ఇది ఆన్‌లైన్ పరీక్ష. ఇంట్లోనే ల్యాప్‌టాప్ ముందు కూర్చుని చేయొచ్చు. ఇందులో తప్పితే బండి ఆపేసి ఇక్కడికి రండి, పెద్ద మిషన్ మీద చూస్తాం. బాగా వస్తే సర్టిఫికెట్ రాస్తాను, ఆర్నెల్లకు మళ్లీ చూస్తాను. గదిలో మాత్రం మీరొక్కరే ఉండాలి."

ఆ రోజు బస్సులో సంతోషంగా ఇంటికి వచ్చాను. తప్పుతానని నాకు తెలుసు. నా మాట నమ్మనివాళ్లు మిషన్ మాట నమ్ముతారు, ఎవరికీ ఏమీ కాకముందే స్టీరింగ్ వదిలేయొచ్చు అనుకున్నాను. నాకు కావలసింది అదొక్కటే. యార్డులో కాంటా దగ్గర కూర్చునే పని దొరక్కపోదు.

పక్కింటి టీచరు దగ్గర ల్యాప్‌టాప్ అడిగి తెచ్చాను. మధ్యాహ్నం కిటికీకి దుప్పటి కట్టి గది చీకటి చేశాం. తెర పైనున్న కెమెరా నా మొహాన్ని చూస్తుంది. ముందుకు జరిగితే వెనక్కి జరగమంటుంది, రెండో మొహం కనిపిస్తే ఆగిపోతుంది. తెర మీద ఒక ఎర్ర చుక్క ఉంటుంది. చూపు దాని మీదే నిలపాలి. చుట్టూ ఎక్కడో ఒక చోట చిన్న వెలుగు మెరిసి పోతుంది. కనిపించినప్పుడల్లా కీబోర్డు మీది పొడుగు మీట నొక్కాలి. మొత్తం తొంభై ఆరు వెలుగులు. అసలు పరీక్షకు ముందు ఒకసారి అలవాటు కోసం చేసుకోవచ్చు, దాని ఫలితం డాక్టరుకు పోదు, మనకే చూపిస్తుంది.

అలవాటు పరీక్ష అయ్యాక తెర మీద బొమ్మ వచ్చింది. కనిపించినచోట తెల్ల గడి, కనిపించనిచోట నల్ల గడి. ఎడమ పక్కన, మరీ ముఖ్యంగా కింది మూలన, పొయ్యిలో బూడిద తీసినట్టు అంతా నలుపు. లెక్కపెట్టాను. ముప్పై ఒకటి.

బామ్మర్ది గుమ్మంలో నిలబడి అంతా చూశాడు. లోపలికొచ్చి తెర మీదికి వంగాడు.

"గీ నల్లయి ఏంది బావా?"

"నాకు కనవడనియి."

"నాకు గడప కాడికే కనవడ్డయ్ గదా! నువ్వు కావాలనే నొక్కుతలేవ్."

"కావాలని నొక్కకుంటె నాకేమొస్తది?"

"ఇంట్ల పండుకునుడొస్తది."

నా భార్య వంటగది నుంచి అంది: "ఫెయిలైతే డ్రైవర్‌ను పెట్టాలె. డ్రైవర్‌కిచ్చి, డీజిల్ పోసి, మనకు మిగిలేటివి బండి కడిగిన నీళ్లే. చెప్పు తమ్మీ, గట్లనే చెప్పు."

"నువ్వు ఫికర్ చేయకక్కా. నేనున్న గద." అతను భుజం మీది తువ్వాల తీశాడు. కెమెరాకు అందకుండా నా కుర్చీ పక్కన నేల మీద కూర్చున్నాడు. "బావా, చెయ్యియ్యి."

అంగడి తెలియనివాళ్ల కోసం ఒక మాట చెప్పాలి. మా దగ్గర ఎద్దుల బేరం నోటితో చెప్పరు. అమ్మేవాడు, బేరగాడు చేతులు కలుపుతారు, పైన తువ్వాల కప్పుతారు. వేలు పట్టుకుంటే ఒకటి, మణికట్టు పట్టుకుంటే పది. చుట్టూ ఎంతమంది నిలబడ్డా ధర ఇద్దరికే తెలుస్తుంది. దానికి ఒక మర్యాద ఉంది. తువ్వాల కప్పినవాడు తీసేదాకా రెండోవాడు చెయ్యి లాక్కోకూడదు. లాక్కుంటే అవతలివాణ్ని దొంగ అన్నట్టే. అంత మాటకు చుట్టరికాలే తెగిపోయాయి.

చిన్నప్పటి నుంచి చూసిన మర్యాద. చెయ్యియ్యి అంటే చెయ్యిచ్చాను.

అతను నా వేలిని మీట మీద పెట్టి, పైన తన చెయ్యి వేసి తువ్వాల కప్పాడు. ఎడమ చేత్తో తనే పరీక్ష మొదలుపెట్టాడు. ఎర్ర చుక్క వచ్చింది. వెలుగు కనిపించింది, నొక్కాను. మళ్లీ కనిపించింది, నొక్కాను. తర్వాత ఏమీ లేదు. ఏమీ లేనిచోట నా వేలు కిందికి పోయింది. తన బొటనవేలితో నొక్కించాడు.

"బామ్మర్ది, వద్దు," అన్నాను పెదవులు కదలకుండా.

"సుక్కను సూడు. కండ్లు తిప్పకు, మిషన్‌కు తెలుస్తది."

"నాకు కనవడ్తలేదురా."

"నాకు కనవడ్తుంది గద. బండిల సగం నాది, కండ్లల్ల సగం నాయి ఉండొద్దా?" అని తనలో తనే నవ్వుకున్నాడు.

చెయ్యి లాగేస్తే అయిపోయేది. ఆ కుదుపుకు మొహం కదిలి మిషను ఆగిపోయేది. లాగలేదు. తువ్వాల అతనిది. నేను చేసిందల్లా లెక్కపెట్టడం. నాకేమీ కనిపించకుండా నా వేలు కిందికి పోయిన ప్రతిసారీ ఒకటి. చివరికి ఇరవై తొమ్మిది అయ్యాయి.

ఫలితం వచ్చింది. తొంభై ఆరింటిలో తొంభై నాలుగు. బొమ్మంతా తెలుపు, పైమూలన మాత్రం రెండు నల్ల గడులు.

"గా రెండు ఎందుకు విడిసినవ్?" అని అడిగాను.

తువ్వాల దులిపి భుజం మీద వేసుకున్నాడు. "ఎద్దుకు అన్నీ మంచి గుణాలే చెప్తె ఎవడు కొంటడు బావా? ఒక సుడి చెడ్డగుందని మనమే చెప్పాలె. అప్పుడే నమ్ముతరు."

సాయంత్రం డాక్టరమ్మ ఫోన్ చేసింది. బామ్మర్ది స్పీకర్ పెట్టమన్నాడు.

"మీ నరం చూసి నేను ఇంత బాగా వస్తుందనుకోలేదు. నాకే ఆశ్చర్యంగా ఉంది. గదిలో మీరొక్కరే ఉన్నారు కదా?"

నా భార్య బీడీ చుట్టడం ఆపి నా వైపు చూసింది. పెళ్లయిన ఇన్నేళ్లలో ఆమె అంత ప్రేమగా చూడటం నాకు గుర్తు లేదు.

"ఒక్కణ్నే ఉన్న మేడం," అన్నాను.

సర్టిఫికెట్ వచ్చింది, లైసెన్సు వచ్చింది. ఆ బొమ్మను బామ్మర్ది రంగుల్లో ప్రింటు తీయించి, ప్లాస్టిక్ వేయించి, స్టీరింగ్ పక్కన అతికించాడు. ఆ తర్వాత నేను నోరెత్తినప్పుడల్లా వేలితో దాన్ని కొట్టి చూపించేవాడు. సాయంత్రం పూట కిరాయి వద్దంటే, కాయితం చూడు. సందులోకి బండి పోదంటే, కాయితం చూడు. హమాలీలకు తెలిసిపోయి పేరు పెట్టారు. యార్డు గేటు దాటగానే వినిపించేది: "ఏం తొంభై నాలుగన్నా, ఎట్లున్నవ్? మేం కనవడ్తున్నమా?"

నేను నా పద్ధతిలో నడిపాను. ఎడమవైపు కళ్లతో కాదు, తలంతా తిప్పి చూసేవాణ్ని. రోడ్డు మీద ప్రతి నిమిషం అదే పని. పక్క సీటులో బామ్మర్ది నవ్వేవాడు. "బావ మెడ టేబుల్ ఫ్యాన్ లెక్క తిరుగుతుంది. గాలి మాత్రం వస్తలేదు." ఇంట్లో చెబితే నా భార్య కూడా నవ్వింది. నేనూ నవ్వాను. మెడ పట్టేసి రాత్రుళ్లు పక్కకు తిరగలేకపోయేవాణ్ని.

పసుపు సీజను వచ్చింది. ఒక పొద్దున మోర్తాడ్ నుంచి ఇరవై బస్తాలు తెచ్చాం. యార్డులో బండిని వెనక్కి తీసి, బస్తాలు దించే గద్దెకు ఆనించాలి. మామూలుగా బామ్మర్ది దిగి, వెనక నిలబడి, రా రా అని అరుస్తాడు. ఆ రోజు దిగిన వెంటనే ఫోన్ మోగింది. ఎద్దుల జత సంగతి. మాట్లాడుకుంటూ ముందుకొచ్చాడు.

నేను తల తిప్పి ఎడమవైపు చూశాను. ఎవరూ లేరు. తల కుడివైపు తిప్పి గద్దె అంచు చూసుకుంటూ వెనక్కి పోనిచ్చాను. నేను చూసిన తర్వాతే అతను వచ్చి ఎడమ ముందు చక్రం పక్కన నిలబడ్డాడు. కంటి చివరన కదలిక తెలిసేవాడికి ఆ మాత్రం చాలు, ఆగిపోతాడు. నాకు ఆ చివర లేదు. స్టీరింగ్ తిప్పితే ముందు చక్రం బయటికి తిరిగింది.

చిన్న ఎత్తు ఎక్కి దిగినట్టయింది. రాయి అనుకున్నాను. తర్వాత అరుపు.

దిగి చుట్టూ తిరిగి వచ్చేసరికి అతను పసుపు దుమ్ములో కూర్చుని పాదం పట్టుకుని ఉన్నాడు. చెప్పు ఊడి పక్కన పడింది. రక్తం ఆ దుమ్ములో కలిసి, బొట్టు పెట్టడానికి తడిపిన కుంకుమలా ముద్దయింది. హమాలీలు మూగారు.

"కండ్లు కనవడ్తలేవారా గుడ్డోడా!" అని అరిచాడు. బావా అనని మొదటిసారి అదే.

నాకు దయ రావాల్సిన చోట అది రాలేదు. నోట్లోంచి ఒక మాట వచ్చింది.

"నీకు కనవడ్డయి గద బామ్మర్ది."

హమాలీలకు అర్థం కాలేదు. అతనికి అయింది. ఆ నొప్పిలోనూ నా మొహంలోకి చూసి, అరవడం ఆపేశాడు.

దవాఖానలో మూడు వేళ్లు తీసేశారు. కట్టు మారకముందే ఇంట్లో మాట తయారైంది. నా భార్య చిన్నాయన పెద్దమనిషిగా వచ్చి కుర్చీలో కూర్చున్నాడు. బండిలోంచి ఆ ప్లాస్టిక్ బొమ్మ పీకి తెచ్చి నా ముందు పెట్టారు.

"గిండ్ల ఎడమ దిక్కు మొత్తం తెల్లగ ఉంది. అంటె నీకు కనవడ్డట్టే గద?" అన్నాడు చిన్నాయన.

"కనవడలేదు. గా సుక్కలు నేను నొక్కలేదు."

"మరెవరు నొక్కిండ్రు?"

బామ్మర్ది వైపు చూశాను. కాలు దిండు మీద పెట్టుకుని గోడకు ఆనుకుని ఉన్నాడు.

"చెప్పు," అన్నాను. "తువ్వాల సంగతి చెప్పు."

"ఏం తువ్వాల? కెమెరా ఉండె చిన్నాయనా. రెండో మొహం కనవడితె ఆగుతది గా మిషన్. ఆగిందా? ఆగలే. నేనెక్కడున్న మరి?" మెల్లగా, నొప్పితో, నిజం చెప్పేవాడిలాగే చెప్పాడు.

నా భార్యను అడిగాను. "నువ్వు వంటింట్ల ఉంటివి గదా. ఇన్నవు గదా."

"నేను పొయ్యి కాడున్న," అంది. "నాకేం కనవడలే."

చిన్నాయన తీర్పు చెప్పాడు. చూపు ఉంది, చూశాడు, చూసే తొక్కాడు. బండి మొత్తం తన చేతికి రావాలని తొక్కాడు. ఇంటి గుట్టని కేసు పెట్టలేదు. దానికి నేను వాళ్లకు మొక్కాలట.

నిజామాబాద్ వెళ్లి డాక్టరమ్మకు జరిగింది జరిగినట్టు చెప్పాను. చాలాసేపు తిట్టింది. ఆ తిట్లే నాకు చల్లగా అనిపించాయి, నన్ను నమ్మి తిట్టింది ఆమె ఒక్కతే. పెద్ద మిషన్ మీద గడ్డం ఆనించి కూర్చోబెట్టి పరీక్ష చేయించింది. ఎడమవైపు మళ్లీ నలుపు, మునుపటికంటే కొంచెం ఎక్కువే. ఇక ఏ బండీ నడపొద్దని రాసిచ్చింది. ఆ కాగితం తెచ్చి చిన్నాయన ముందు పెట్టాను.

ఆయన దాన్ని పాత బొమ్మ పక్కన పెట్టి, రెంటినీ మార్చి మార్చి చూశాడు.

"మొన్న కనవడ్డయి, గిప్పుడు కనవడ్తలేవు. రెండుసార్లు నొక్కింది నీ వేలే. నొక్కకుండుడు ఎంత సేపు?"

నేను చూడగలనని చెప్పే కాగితాన్ని అందరూ నమ్మారు. చూడలేనని చెప్పే కాగితం నా నటన అయింది. ఇంకెన్ని పరీక్షలు చేయించుకున్నా అంతే.

బండి అమ్మేశారు. నేను ఇప్పుడు యార్డులో కాంటా దగ్గర కూర్చుంటున్నాను. నేను కోరుకున్న పనే. నా భార్య అన్నం పళ్లెం గుమ్మం దగ్గర, నాకు ఎడమవైపు నేల మీద పెట్టి, ఏమీ అనకుండా పోతుంది. రెండుసార్లు కాలు తగిలి ఒలికింది. రెండుసార్లూ, కనిపించేదాన్ని కూడా తన్నుతున్నాడని తన తమ్ముడికి ఫోన్‌లో చెప్పింది.

బామ్మర్ది అంగడి రోజున వస్తాడు. కర్ర పట్టుకుని కుంటుతూ యార్డులోకి వచ్చి, పది మంది చూస్తుండగా నా పక్కన కూర్చుంటాడు. ఎప్పుడూ ఎడమవైపే. వచ్చినట్టు నాకు తెలియదు. నా చేతి మీద తువ్వాల పడినప్పుడు తెలుస్తుంది.

అందరితో ఎండల గురించి, పసుపు ధర గురించి మాట్లాడుతూనే ఉంటాడు. కింద మాత్రం నా వేళ్లు పట్టుకుంటాడు, ఒకటి, రెండు, మూడు.

నేను అతని మణికట్టు పట్టుకుంటాను. మళ్లీ మణికట్టు. తర్వాత వేళ్లు, ఐదు, నాలుగు. ఇరవై తొమ్మిది.

అతను తల ఊపడు. మళ్లీ మూడు.

"బావా బామ్మర్దుల బేరం ఇంకా తెగలేదా?" అని హమాలీలు నవ్వుతారు.

"తెగుతది, తెగుతది," అంటాడతను.

తువ్వాల అతనిది, కాబట్టి నేను చెయ్యి లాక్కోను. పోయిన వారం కూడా అతను మూడు దగ్గరే ఉన్నాడు. నేను ఇరవై తొమ్మిది దగ్గరే ఉన్నాను.